రేపల్లె దాకా ముందు చక్రంతో

కార్తీకమాసం మొదలైన తొలి ఆదివారం, పొద్దున ఆరుంబావుకి తెనాలి స్టేషన్‌లో బాపట్లకి టిక్కెట్టు కొన్నాను. ప్యాసింజరు టిక్కెట్టు తొమ్మిది రూపాయలు. ఒక చేతిలో పులిహోర డబ్బా ఉన్న సంచీ, రెండో చేతిలో సైకిలు ముందు చక్రం. చక్రానికి కూడా టిక్కెట్టు కావాలా అని అడిగితే, కౌంటర్లో ఆయన అద్దాలు పైకి జరుపుకుని చూసి, "మిగతా సైకిలు వచ్చినప్పుడు చూద్దాం లెండమ్మా" అన్నాడు. వెనక వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ రోజు నన్ను చూసి నవ్వినవాళ్ళలో వాళ్ళు మొదటివాళ్ళు మాత్రమే.

ఒంటి చక్రంతో ఎందుకు బయల్దేరానో ముందు చెప్పాలి. మాది అంగలకుదురు. నేను జాకెట్లు కుడతాను, ఇంట్లో రెండు మిషన్లున్నాయి. మా ఆయన సాంబశివరావు గారు హైస్కూల్లో డ్రిల్లు మాష్టారు. యాభై రెండో ఏట ఆయనకి కొండలెక్కే సైకిలు మీద మనసు పడింది. మా చుట్టుపక్కల ఎత్తు అనదగ్గది కాలవ మీద వంతెన ఒక్కటే. అయినా సరే విజయవాడ వెళ్ళి లావుపాటి టైర్లూ, గేర్లూ, ముందు చక్రానికి డిస్కు బ్రేకూ ఉన్న సైకిలు కొనుక్కొచ్చారు. డిస్కంటే చక్రం మధ్యలో ఆరు స్క్రూలతో బిగించిన పల్చటి స్టీలు బిళ్ళ, చిన్న పళ్ళెమంత ఉంటుంది. బ్రేకు నొక్కితే రెండు ప్యాడ్లు దాన్ని అటూ ఇటూ పట్టుకుని చక్రాన్ని ఆపుతాయి. వెనక చక్రానికి మామూలు రబ్బరు బ్రేకే. రోజూ తెల్లారి ఆ సైకిలెక్కి కాలవ గట్టు మీద పది మైళ్ళు తొక్కొచ్చేవారు. వచ్చాక ఎంత వేగంగా వెళ్ళిందీ, ఎంత చటుక్కున ఆగిందీ నాకు వర్ణించి చెప్పేవారు. నేను గుండీలు కుట్టుకుంటూ ఊఁ కొట్టేదాన్ని.

దసరాకి ఆయుధపూజ నాడు నా మిషన్లు రెండూ, గ్రైండరూ, స్కూటరూ తుడిచి బొట్లు పెట్టాను. తర్వాత సైకిలు దగ్గరికొచ్చాను. తిరిగే వస్తువు దేనికైనా నూనె వెయ్యాలన్నది పాతికేళ్ళుగా మిషను తొక్కుతున్న నా సిద్ధాంతం. ఆ డిస్కు మీద రవ్వంత తుప్పు మరక కనిపించింది. పండగ పూట తుప్పేంటని దూది తీసుకుని మిషను నూనెలో ముంచి, డిస్కుకి రెండు వైపులా మిలమిలలాడేలా పట్టించాను. ఆ పైన పసుపు, కుంకుమ. అంత శ్రద్ధగా నేను ఏ దేవుడి పటాన్నీ తుడవలేదు.

మర్నాడు విజయదశమి. ఆయన కాలవ వంతెన దిగుతుంటే అడ్డంగా గేదె వచ్చింది. బ్రేకు నొక్కారు, సైకిలు ఆగలేదు. గేదెని తప్పించబోయి వంతెన గోడకి గుద్దుకుని ఎడమ భుజం కింద పడ్డారు. కాలర్ బోన్ చిట్లింది, సైకిలుకి ఆ డిస్కు వంకరపోయింది. ఆసుపత్రికి చూడ్డానికి వచ్చినవాళ్ళందరికీ ఆయన ఒకటే మాట చెప్పారు. బ్రేకు బాగానే ఉంది, నేనే ఆలస్యంగా పట్టుకున్నాను, వయసైపోయింది, చేతులు చెప్పిన మాట వినడం లేదు అని. వారం గడిచాక సైకిలు అమ్మేస్తానన్నారు. తర్వాత స్కూటరు తాళం నాకిచ్చేశారు. చివరికి, తనని ఆటల పని నుంచి తప్పించి లైబ్రరీ అప్పగించమని హెడ్మాష్టారికి ఉత్తరం రాసి పెట్టుకున్నారు. సెలవు పూర్తయి సోమవారం బడికి వెళ్ళగానే ఇస్తానన్నారు. ముప్పై ఏళ్ళుగా గ్రౌండులో తప్ప బతకని మనిషి ఆయన.

నిజం నాకు తొమ్మిదో రోజున తెలిసింది. ఆయనకి చెప్పకుండా సైకిలుని తెనాలిలో ఒక సైకిలు షాపుకి తోలుకెళ్ళాను. ఆ అబ్బాయి డిస్కు విప్పబోయాడు. ఆ స్క్రూలకి గుంట నక్షత్రం ఆకారంలో ఉంటుంది, అతని దగ్గర ఆరు పలకల కీ ఉంది. బలవంతంగా తిప్పేసరికి ఒక స్క్రూ గుంట అరిగి గుండ్రమైపోయింది. అప్పుడతను వేలు వాసన చూసుకుని, "నూనె తగిలిందమ్మా దీనికి. డిస్కుకి నూనె తగిలితే ఇక బ్రేకు పట్టదు" అన్నాడు. సైకిలు తోసుకుంటూ బయటికొచ్చేశాను. ఇంటికొచ్చి ఆయనకి చెప్పలేదు. మొదట్లో తిడతారని భయం. తర్వాత ఇన్నాళ్ళు ఎందుకు దాచావంటారని ఇంకా పెద్ద భయం. కొత్త డిస్కు వేయించి పెడితే, ఆయన మళ్ళీ ఎక్కి తొక్కి, బ్రేకు పట్టడం చూసి, తన మీద తనకి నమ్మకం తెచ్చుకుంటారని, నా నూనె సంగతి ఎవరూ ఎత్తక్కర్లేదని ఒక పథకం వేసుకున్నాను.

బాపట్లలో కోటేశ్వరరావు గారని రిటైరైన లెక్చరరున్నారు. ఇద్దరూ ఒకే కొట్లో సైకిళ్ళు కొన్నారు. ఎప్పుడూ కలుసుకోలేదు కానీ గేర్ల గురించి ఫోన్లో గంటలు గంటలు మాట్లాడుకునేవారు. ఆయన దగ్గర అదనపు డిస్కు, ప్యాడ్లు, నక్షత్రం కీ ఉన్నాయి. ఫోన్ చేస్తే ఆదివారం రమ్మన్నారు. మా ఆయనతో మాత్రం, బాగు చేయిస్తే అమ్మినప్పుడు నాలుగు డబ్బులు ఎక్కువొస్తాయని చెప్పాను. నీ ఇష్టం అన్నారు. ముందు చక్రం ఊడదీయడానికి పానా కూడా అక్కర్లేదు, మీట తిప్పితే చేతికొచ్చేస్తుంది. నేనే తీశాను.

బండి ఆరూ నలభైకి కదిలింది. పెట్టె నిండా సూర్యలంకకి సముద్రస్నానానికి వెళ్ళేవాళ్ళే. చక్రాన్ని ఒళ్ళో నిలబెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నాను. మీరెప్పుడైనా ఈ కాలంలో వెళ్తే కిటికీ వదలకండి. చుండూరు దాటాక రెండు వైపులా వరి పొట్ట మీద ఉంటుంది, పొద్దుటి గాలికి ఆ వాసన పెట్టెలోకి వస్తుంది. ఎదురుగా కూర్చున్న పెద్దావిడ నిడుబ్రోలు దాకా ఓపిక పట్టి, ఇక ఆగలేక అడిగింది.

"ఏంటమ్మా, సముద్రంలో చక్రానికి కూడా స్నానం చేయిస్తావా ఏంటి?"

లేదండి, బాగు చేయించడానికని చెప్పాను. ఆవిడ తన పక్కావిడకి, ఆవిడ ఆ పక్కావిడకి చెప్పింది. అప్పికట్ల వచ్చేసరికి పెట్టెలో సగం మందికి మా ఆయన కాలర్ బోన్ సంగతి తెలుసు. నూనె సంగతి మాత్రం వాళ్ళకీ చెప్పలేదు. ఒకావిడ ఆయన పేరున సముద్రంలో ఒక మునక వేస్తానని మాటిచ్చి, గోత్రం అడిగి మరీ దిగింది.

బాపట్లలో ఏడూ నలభై అయిదుకి దిగి రిక్షాలో వాళ్ళ ఇంటికి వెళ్ళాను. తలుపు తీసినావిడ కోటేశ్వరరావు గారి భార్య సుశీలమ్మ గారు. నన్ను, చక్రాన్ని చూడగానే నుదురు కొట్టుకున్నారు. రేపల్లెలో కూతురింట్లో నీళ్ళ మోటారు కాలిపోయిందని ఫోనొస్తే, ఆయన శనివారం సాయంత్రమే వెళ్ళిపోయారట, నేను వస్తానన్నది మర్చిపోయారట. ఫోన్ చేస్తే కట్టేసి ఉంది. సోమవారం లోపు పని కావాలన్న బెంగతో నా మొహం ఎలా అయిందో తెలియదు గానీ, ఆవిడ వెంటనే నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళారు. అప్పుడే వేసిన ఇడ్లీలు అల్లప్పచ్చడితో పెట్టారు. నేను తింటుండగా అటక మీంచి ఒక బిస్కట్ల డబ్బా దింపి, రేపల్లె బస్సెక్కమన్నారు.

"ఆయన సైకిలు సామాను మొత్తం ఇందులోనే ఉంటుందమ్మా. ఏది ఏంటో నాకు తెలీదు. డబ్బా తీసుకెళ్ళి ఆయన ఎదురుగా పెట్టు, ఆయనే వెతుక్కుంటాడు."

మర్చిపోయే మొగుడితో నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషి కదా, ఆ మాత్రం దారి ఆవిడకి తోచకుండా ఉంటుందా. నా పులిహోరలో సగం ఆవిడకిచ్చి, డబ్బా సంచీలో పెట్టుకుని బస్టాండుకి వచ్చాను.

రేపల్లె బస్సు తొమ్మిదిన్నరకి. కండక్టరు చక్రాన్ని టాపు మీద వెయ్యమన్నాడు. నేను వెయ్యనన్నాను. మూటల కింద పడితే రిమ్ము కూడా వంకరపోతుంది. కాసేపు ఆయనా నేనూ వాదించుకున్నాక, డ్రైవరు ఇంజను పక్కన చోటిచ్చాడు. రోడ్డు చెరుకుపల్లి దాకా గతుకులు. ప్రతి గతుక్కీ డబ్బాలో సామాను గలగలమనేది. నేను రెండు కాళ్ళ మధ్య చక్రం పెట్టుకుని దాని వంకర డిస్కుని చూస్తూ కూర్చున్నాను. ఈ దారిన వెళ్ళేవాళ్ళు చెరుకుపల్లిలో బస్సు ఆగే పది నిమిషాల్లో టీ తాగండి, బాగుంటుంది. నేను తాగాను గానీ రుచి తెలియలేదు. దగ్గర పడుతున్న కొద్దీ, డిస్కు చూడగానే కోటేశ్వరరావు గారు కనిపెట్టేస్తారేమోనని గుబులు.

పదకొండూ పదికి రేపల్లెలో దిగాను. సుశీలమ్మ గారు చెప్పిన వీధికి నడిచి వెళ్ళేసరికి, ఒక పెంకుటింటి వాకిట్లో లుంగీ కట్టుకున్న పెద్దాయన మోటారు ముందేసుకుని కూర్చున్నారు. నన్ను చూసి ఎవరో తెలియక తికమకపడ్డారు. సంచీలోంచి బిస్కట్ల డబ్బా తీసి ముందు పెట్టగానే అన్నీ గుర్తొచ్చి నాలిక కరుచుకున్నారు.

"తప్పయిపోయిందమ్మాయ్. ముందు నీ పనే. మోటారు ఎక్కడికీ పోదు."

నక్షత్రం కీ తీసి నా చేతికిచ్చి, తన కళ్ళకి దగ్గర వస్తువులు సరిగ్గా ఆనడం లేదనీ, నేను తిప్పుతుంటే చెప్తాననీ అన్నారు. ఒక్కొక్క స్క్రూనీ ఒకేసారి పూర్తిగా ఊడదీయకూడదట, అన్నిటినీ కాస్త కాస్త వదులు చేసుకుంటూ రావాలట. అయిదు వచ్చాయి. ఆరోది గుంట అరిగిపోయినది, కీ లోపల ఊరికే గిరగిర తిరిగింది. ఆయన దాని నెత్తిన హాక్సా బ్లేడుతో అడ్డంగా గాటు పెట్టించారు. ఎలాగూ ఆ డిస్కు పారేసేదే కాబట్టి గీత పడినా ఫరవాలేదన్నారు. తర్వాత మోటారు కోసం వేడి చేసుకున్న సోల్డరింగ్ ఐరన్‌ని ఆ స్క్రూకి ఆనించి ఉంచారు. స్క్రూలు వదులు కాకుండా మరల్లో జిగురు పెడతారట, అది వేడికి కరగాలి. స్క్రూడ్రైవరుతో మొదటిసారి తిప్పితే రాలేదు. రెండోసారీ రాలేదు. మూడోసారి ఇంకాస్త వేడి పెట్టి, నా బరువంతా వేసి తిప్పితే కిర్రుమని కదిలింది. ఇద్దరం ఒకేసారి ఊపిరి వదిలాం.

ఊడొచ్చిన డిస్కుని ఆయన ఎండలో తిప్పి తిప్పి చూశారు. నేను వచ్చేముందు గుడ్డతో తుడిచే తెచ్చాను. కానీ చుట్టూ ఉన్న చిన్న చిన్న కంతల్లో ఏదో జిడ్డుగా పట్టుకుని ఉంది. గోటితో గీరి చూశారు. పసుపు.

"దీనికి పూజ చేశావా అమ్మాయ్?"

చేశానండి అన్నాను. నూనె కూడా రాశావా అన్నారు. రాశానండి, రెండు వైపులా, అన్నాను. పదహారు రోజులుగా ఎవరికీ చెప్పని మాట అంత తేలిగ్గా ఎలా వచ్చేసిందో, వెనకే ఏడుపు కూడా వచ్చేసింది. ఆయన తిట్టలేదు. కూతుర్ని పిలిచి మంచినీళ్ళు ఇప్పించారు. మాష్టారు ఎందుకు పడ్డానని అనుకుంటున్నారు అని అడిగారు. వయసు వల్లనని అనుకుంటున్నారనీ, రేపు బడిలో ఉత్తరం ఇస్తున్నారనీ, కొత్త డిస్కు వేస్తే సర్దుకుంటారని వచ్చాననీ చెప్పాను.

"కొత్త డిస్కు పడితే, డిస్కు మంచిదనుకుంటాడమ్మా. తన చెయ్యి మంచిదని అనుకోడు" అన్నారాయన. "నూనె రాసిన డిస్కుని పాతికేళ్ళ కుర్రాడు పట్టుకున్నా ఆగదు. ఆ సంగతి తెలిసింది నీ ఒక్కదానికే. చెప్పాల్సిందీ నువ్వే."

నేను ఇంత దూరం వచ్చింది ఆ ఒక్క మాట తప్పించుకోడానికే.

కొత్త డిస్కు ఆయన డబ్బాలో కాగితం మడతలో ఉంది. దాన్ని ముట్టుకునే ముందు నా చేత సబ్బుతో రెండుసార్లు చేతులు కడిగించారు. వేలి జిడ్డు కూడా తగలకూడదట, అంచులు మాత్రమే పట్టుకోవాలట. మందుల షాపు నుంచి తెప్పించిన స్పిరిట్‌తో డిస్కుని శుభ్రమైన గుడ్డతో తుడిపించారు. అక్షరాలున్న వైపు బయటికి రావాలి, బాణం గుర్తు చక్రం ముందుకు తిరిగే వైపుకి ఉండాలి. ఆరు స్క్రూలకీ ఒక్కో చుక్క జిగురు పెట్టి ముందు వేళ్ళతో ఎక్కించాం. బిగించేటప్పుడు వరసగా వెళ్ళకూడదన్నారు. ఒకటి బిగించి దాని ఎదురుగా ఉన్నది, మళ్ళీ పక్కది, దాని ఎదురుది, ఇలా ఆరు చుక్కల ముగ్గు కలిపినట్టు. ఆ పోలిక నాది, ఆయనకి నచ్చింది. అన్నీ అయ్యాక చక్రాన్ని ఇరుసు మీద పట్టుకుని తిప్పి చూపించారు. డిస్కు ఎక్కడా ఊగకుండా తిరిగింది. పాత ప్యాడ్లు నూనె పీల్చేసి ఉంటాయి, పనికిరావని కొత్త జత కూడా ఇచ్చారు. వాటిని ఇంట్లో ఎలా మార్చాలో, మార్చాక మెల్లగా తొక్కుతూ ఇరవైసార్లు బ్రేకు నొక్కి పదును పట్టించాలనీ చెప్పారు.

వాళ్ళింట్లో గోంగూర పప్పు, వంకాయ వేపుడు, నా పులిహోర కలిపి భోంచేశాం. డిస్కుకీ ప్యాడ్లకీ వెల ఎంతంటే చెప్పలేదు. మాష్టారు సైకిలు మీద బాపట్ల వస్తే ఆయన దగ్గరే తీసుకుంటానన్నారు.

రేపల్లె నుంచి తెనాలి బండి మూడూ నలభైకి. అది ఆ లైనులో చివరి స్టేషను, బండి అక్కడి నుంచే బయల్దేరుతుంది కాబట్టి సీటుకి లోటుండదు. కొత్త డిస్కుకి జాకెట్టు గుడ్డ చుట్టి కూర్చున్నాను. భట్టిప్రోలులో ఒక రైతు ఎక్కి పక్కన కూర్చుని, గుడ్డ తొలిగిన చోట మెరుస్తున్న డిస్కుని ముచ్చటపడి ముట్టుకోబోయాడు. ముట్టుకోవద్దని గట్టిగా అరిచాను. పాపం, ఆయన చెయ్యి కాలినట్టు వెనక్కి తీసుకున్నాడు. క్షమించమని చెప్పి, వేలి జిడ్డు తగిలితే బ్రేకు పట్టదని వివరించాను. అంత తెలివి ఎక్కడ నేర్చుకున్నావమ్మా అని ఆయన మెచ్చుకుంటే సిగ్గేసింది. వేమూరు నుంచి చినరావూరు దాకా, చెప్పాల్సిన మాట ఎలా మొదలుపెట్టాలా అని నాలుగైదు రకాలుగా అనుకుని చూసుకున్నాను. ఒక్కటీ బాగాలేదు.

తెనాలిలో అయిదు గంటలకి దిగేసరికి ప్లాట్‌ఫారం మీద ఆయనే ఉన్నారు, మెడకి కట్టిన పట్టీలో ఎడమ చెయ్యి వేలాడేసుకుని. ఒక్కదాన్నే వెళ్ళానని బస్సెక్కి వచ్చారట, మూడు బళ్ళు చూశారట. కుడిచేత్తో చక్రం అందుకోబోయారు. నేను ఇవ్వలేదు. బెంచీ మీద కూర్చోమన్నాను. అనుకున్న మాటలన్నీ ఎటుపోయాయో, నేరుగా చెప్పేశాను.

"ఏవండీ, ఆయుధపూజ నాడు బ్రేకు డిస్కుకి మిషను నూనె రాశాను. అందుకే ఆగలేదు."

ఆయన నా వంక చూసి, ఏ డిస్కుకి అన్నారు. ముందు చక్రానిదే అన్నాను. ఎంత రాశావు అన్నారు. దూది ముంచి, రెండు వైపులా, కంతల్లోకి దిగేదాకా అన్నాను. రెండు వైపులానా అని మళ్ళీ అడిగారు. ఆయన మొహం కోపంతో ఎర్రబడుతుందని చూస్తుంటే, కళ్ళు చెమర్చాయి, పెదాలు విచ్చుకున్నాయి.

"అయితే నేను సరిగ్గానే పట్టుకున్నానన్న మాట" అన్నారు. "అప్పుడే అనుకున్నానే వరలక్ష్మీ. గేదె ముట్టె కనపడగానే నొక్కాను."

కోటేశ్వరరావు గారి మాట చెప్పాను, పాతికేళ్ళ కుర్రాడు పట్టుకున్నా ఆగదన్నారని. అది రెండుసార్లు చెప్పించుకున్నారు. మరి ఆ ఉత్తరం అని అడిగితే, ఏ ఉత్తరం అన్నారు.

అంగలకుదురుకి ఆటో ఎక్కాం. ఎక్కీ ఎక్కగానే డ్రైవరుకి చెప్పారు, మా ఆవిడ డిస్కుబ్రేకుకి నూనె రాసిందయ్యా అని, ఇంట్లో శుభకార్యం నిశ్చయమైనట్టు. తెనాలి, బాపట్ల, రేపల్లె, మళ్ళీ తెనాలి. పది గంటల ప్రయాణం, మొత్తం కలిపి యాభై రూపాయల ఖర్చు. దారి పొడుగునా ఎందరో నవ్వారు, ఎందరో చోటిచ్చారు, తెలియనివాళ్ళు ఇడ్లీలు పెట్టారు, సముద్రంలో మునక వేస్తామన్నారు. అలాంటి మనుషులున్న దారే అది, ఎవరైనా నిర్భయంగా వెళ్ళి రావచ్చు. నేను మాత్రం ఒక్క తిట్టుకి భయపడి మా ఆయన్ని పదహారు రోజులు ముసలివాణ్ణి చేశాను.

నూనె రాసినందుకు ఆయన ఒక్క మాట అనలేదు. ఇన్నాళ్ళు చెప్పనందుకు మాత్రం ఊరి పొలిమేర నుంచి మా గుమ్మం దాకా తిట్టారు. గ్రౌండుకి ఆ చివర పరిగెత్తే పిల్లలకి వినపడాల్సిన గొంతుతో, ఆటో ఇంజను కూడా వినపడనంత గట్టిగా తిట్టారు. నేను చక్రం ఒళ్ళో పెట్టుకుని హాయిగా వింటూ కూర్చున్నాను.